నలుగురివి నాలుగు రకాల కాళ్ళు: బాడ్ గాస్టైన్‌లో మూడు రోజులు

అక్కకి మోకాలి ఆపరేషన్ అయి ఏడాదిన్నర. అక్క అంటే సొంత అక్క కాదు, మ్యూనిక్ వచ్చిన కొత్తలో నేనున్న ఇంటి పక్కింటావిడ. ఆవిడ భర్తని బావగారూ అని పిలుస్తాను. బావగారికి ఎత్తులంటే భయం, మూడో అంతస్తు బాల్కనీలో కూడా గోడవైపే కూర్చుంటారు. నాలుగోవాడు నాతో బీటెక్ చదివిన స్నేహితుడు. పొద్దున్నే పది కిలోమీటర్లు పరిగెత్తకపోతే వాడికి రోజు మొదలవదు. నేను మధ్యరకం. కొండ ఎక్కగలను, కాకపోతే నా నడక నన్ను నడవనివ్వాలి.

ఈ నలుగురం వేసవిలో ఒక వీకెండ్ కలిసి గడుపుదామని రెండేళ్ళు వరసగా బయల్దేరాం. రెండుసార్లూ ఒకటే కథ. ఇద్దరు కొండమీద, ఇద్దరు గదిలో. రాత్రి భోజనం దగ్గర కొండెక్కినవాళ్ళు ఫోటోలు చూపిస్తుంటే మిగతా ఇద్దరూ బాగున్నాయి, బాగున్నాయి అంటూ ఉండేవాళ్ళు. అక్క ముఖంలో ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు చాలా బాధగా ఉండేది. అందుకే 2025లో ఊరు వెతికేటప్పుడు ఒక్కటే చూసుకున్నాను. పగలు ఎవరి శక్తికొద్దీ వాళ్ళు తిరగాలి, సాయంత్రానికి నలుగురం ఒకచోట చేరాలి, అప్పుడు నలుగురికీ చెప్పుకోవడానికి సొంత కబురు ఉండాలి.

ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ రాష్ట్రంలోని బాడ్ గాస్టైన్ ఈ పరీక్షలో నెగ్గింది. ఐదుకి నాలుగున్నర ఇస్తాను. తగ్గిన ఆ అరలో ఊరి తప్పు ఎంత, మా ఏర్పాట్ల తప్పు ఎంత అన్నది కింద చెబుతాను.

ఆగస్టు 15 ఆ ఏడాది శుక్రవారం పడింది. మ్యూనిక్‌లో ఆ రోజు మేరీమాత పండుగ సెలవు, ఆస్ట్రియాలోనూ సెలవే. లీవు పెట్టకుండానే మూడు రోజులు దొరికాయి. ఇంకో సంగతి, సాల్జ్‌బర్గ్ నుంచి ఆ ఊరిమీదుగా పోయే టౌవర్న్ రైలు మార్గాన్ని పనుల కోసం 2024 నవంబర్‌లో మూసి 2025 జూలైలో తెరిచారు. అంటే మేం వెళ్ళేసరికి తెరిచి నెలే అయింది. మ్యూనిక్ నుంచి నేరుగా వెళ్ళే రైళ్ళు కూడా ఉన్నాయి కానీ మా నలుగురి దగ్గరా 2025లో నెలకి 58 యూరోలున్న జర్మనీ టికెట్ ఉంది, అది సాల్జ్‌బర్గ్ పెద్ద స్టేషన్ దాకా లోకల్ రైళ్ళలో చెల్లుతుంది. అక్కడి నుంచి ముందుకి ఇంకో సౌకర్యం. 2025 మే నుంచి సాల్జ్‌బర్గ్ రాష్ట్రంలో బస చేసే అతిథులకి రాష్ట్రమంతా బస్సులు, రైళ్ళు తిరగడానికి ఒక టికెట్ ఇస్తున్నారు. దాని ఖర్చు బసతో పాటు కట్టే చిన్న రుసుములోనే ఉంటుంది. మేం అద్దెకి తీసుకున్న ఇంటావిడకి వారం ముందే మెసేజ్ పెట్టి వివరాలన్నీ నింపేశాం, కాబట్టి వెళ్ళే రోజు నుంచే వాడుకున్నాం. ఇది తప్పకుండా ముందే అడగండి. అక్కడికి వెళ్ళాక అడిగితే ఒకవైపు ప్రయాణం చేజారిపోయినట్టే.

రైలు దిగగానే ఈ ఊరి గొప్పతనం అర్థమవుతుంది. స్టేషన్ బయట నిలబడి చూస్తే ఒకవైపు ష్టుబ్నర్‌కోగెల్ కొండమీదికి పోయే రోప్‌వే, రోడ్డుకి అవతల ఫెల్సెన్‌టెర్మె అనే వేడినీళ్ళ స్నానాల చోటు. రైలు, కొండ, నీళ్ళు, ఈ మూడింటి మధ్యా అక్క నడకతో కూడా ఐదారు నిమిషాలకి మించదు. ఆల్ప్స్‌లో కారు లేకుండా తిరిగే గుంపుకి ఇంతకంటే ఏం కావాలి.

కానీ ఊరు నిలువుగా ఉంటుంది. ఈ మాట ఎవరూ మాకు ముందు చెప్పలేదు. కొండ ఒడిలో అరల్లో సర్దినట్టు పైనొక వీధి, కిందొక వీధి, దాని కింద ఇంకో వీధి. స్టేషన్ పై అరలో ఉంటే జలపాతం, పాత హోటళ్ళు కింది అరలో ఉన్నాయి. మేం తీసుకున్న ఇంటి ప్రకటనలో స్టేషన్‌కి ఐదు నిమిషాలు అని రాసుంది. మ్యాప్ మీద చూస్తే నిజమే. ఆ ఐదు నిమిషాలూ మెట్లే. అక్క ఒక్కో మెట్టుకీ ముందు ఆపరేషన్ అయిన కాలు దించి, దాని పక్కన రెండోది పెట్టి, కమ్మీ పట్టుకుని దిగుతుంటే నేను లెక్కపెట్టాను. నూట డెబ్బై రెండు. కింద దాకా వచ్చాక బావగారు ఒక్క మాట అనలేదు కానీ రెండు బ్యాగులూ ఆయనే మోశారు. ఇల్లు శుభ్రంగా ఉంది, ఇంటావిడ మంచి మనిషి, కానీ మెట్ల సంగతి ప్రకటనలో రాయకపోవడం అన్యాయం. మోకాళ్ళు, చంటిపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళల్లో అది చిన్న విషయం కాదు. తర్వాత తెలిసిందేమిటంటే కింది వీధి నుంచి పై వీధికి ఒక భవనం లోపలి లిఫ్ట్‌లో పోవచ్చట. ఊళ్ళోవాళ్ళు అందరూ అదే వాడతారు. రూమ్ బుక్ చేసేముందు, స్టేషన్ నుంచి మీ ఇంటికి మెట్లు లేని దారి ఉందా అని రాసి అడగండి. దూరం అడగొద్దు, మెట్లే అడగండి.

జలపాతం గురించి వర్ణించడం నాకు చేతకాదు కానీ ఒకటి చెప్పాలి. ఊళ్ళో జలపాతం ఉంది అంటే ఊరి చివర ఎక్కడో ఉంటుందనుకున్నాను. నడివీధిలో ఉంది. గాస్టైనర్ ఆహె అనే ఏరు మూడు అంచెల్లో, మొత్తం 341 మీటర్లు, హోటళ్ళ గోడల పక్కనుంచే దూకుతుంది. వంతెన మీద నిలబడితే చెంప మీద తుంపర పడుతుంది, పక్కనున్న మనిషి మాట వినపడదు. రాత్రి కిటికీ తెరిచి పడుకుంటే తెల్లార్లూ ఒకటే హోరు. మొదటి రాత్రి అరగంట ఇబ్బంది పడ్డాను, రెండో రాత్రి ఆ హోరులోనే నిద్రపట్టింది. చప్పుడు పడనివాళ్ళు జలపాతం వైపు గది తీసుకోకండి.

ఆ వంతెన చుట్టూ ఉన్న భవనాలు చూస్తే ఇదేదో పల్లె కాదని తెలుస్తుంది. ఆరేడు అంతస్తుల రాజసమైన హోటళ్ళు కొండ అంచున నిలబడి ఉంటాయి. జర్మన్ చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్, ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఇక్కడికి స్నానాలకి వచ్చేవాళ్ళు. ష్లెస్విగ్, హోల్‌ష్టైన్ ప్రాంతాల పాలనని ప్రష్యా, ఆస్ట్రియా పంచుకున్న 1865 నాటి ఒప్పందం ఈ ఊరి పేరు మీదే ఉంది. సంగీతకారుడు షూబర్ట్ 1825 వేసవిలో ఇక్కడున్నప్పుడు ఒక పియానో సొనాటా రాశాడు. మధ్యలో కొన్ని దశాబ్దాలు ఆ పెద్ద హోటళ్ళలో చాలావాటికి తాళాలు పడ్డాయి. ఇప్పుడు ఒక్కొక్కటే తెరుస్తున్నారు. 2023లో ష్ట్రౌబింగర్ హోటల్, దాని పక్కనున్న బాడెష్లోస్ మళ్ళీ తెరుచుకున్నాయి. మేం అక్కడ దిగలేదు, అది మా బడ్జెట్ కాదు. సాయంత్రం వాటి ముందు నడవడానికి మాత్రం డబ్బులక్కర్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం సైకిళ్ళు. ఎలక్ట్రిక్ సైకిల్ మోకాలికి మంచిదేనని అక్కకి ఫిజియోథెరపిస్ట్ చెప్పి ఉన్నాడు, అందుకని మొదటి రోజుకి అది పెట్టాను. లోయలో కిందికి బాడ్ హోఫ్‌గాస్టైన్ దాకా వెళ్ళి వెనక్కి రావాలి. బాడ్ గాస్టైన్ వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటే హోఫ్‌గాస్టైన్ 860 మీటర్ల దగ్గర ఉంది. వెళ్ళేటప్పుడు దాదాపు అంతా దిగుడే. ఏటి పక్కన దారి, ఇటూ అటూ కోసి ఆరబెట్టిన గడ్డి వాసన, గంటలు కట్టిన ఆవులు. అక్క ఏడాదిన్నర తర్వాత మా అందరికంటే ముందు వెళ్ళింది. వెనక్కి తిరిగి చూసి, "ఏమ్మా, రావట్లేదా?" అంది. ఆ మాట కోసమైనా ఈ ట్రిప్ వేసినందుకు సంతోషపడ్డాను.

ఇబ్బంది తిరుగు ప్రయాణంలో వచ్చింది. సైకిళ్ళు అద్దెకిచ్చిన షాపులో సెలవురోజు రద్దీ. నాకిచ్చిన సైకిల్ బ్యాటరీ సగం కూడా ఛార్జ్ అయి లేదు. ఇచ్చినతను చెప్పలేదు, నేను స్క్రీన్ చూడలేదు. దిగేటప్పుడు తేడా తెలియదు కదా. హోఫ్‌గాస్టైన్‌లో చూస్తే ఒక్క గీతే మిగిలింది. చదునుగా ఉన్నచోట మోటార్ ఆపేసి తొక్కాను, ఎక్కుడు కోసం ఆ గీతని దాచుకున్నాను, చివరి మలుపుల్లో అదీ అయిపోయింది. పాతిక కిలోల సైకిల్ ఎత్తుమీదికి తోయడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. నా స్నేహితుడు వాడి సైకిల్ నాకిచ్చి నాది వాడు తోసుకొచ్చాడు. షాపులో చెబితే క్షమాపణ చెప్పి కొంత డబ్బు తగ్గించారు. అయినా అదే అక్కకి జరిగి ఉంటే? తీసుకునేటప్పుడు బ్యాటరీ శాతం, రెండు బ్రేకులు, సీటు ఎత్తు, ఈ మూడూ షాపువాడి ముందే చూసుకోండి. ఈ లోయలో వెళ్ళేది దిగుడు, వచ్చేది ఎక్కుడు, కాబట్టి బ్యాటరీ తక్కువున్న సంగతి ఇంటికి దూరంగా ఉన్నప్పుడే బయటపడుతుంది.

శనివారం పొద్దున్న ష్టుబ్నర్‌కోగెల్. ఆగస్టులో ఆల్ప్స్‌లో మధ్యాహ్నం దాటాక ఉరుములు మామూలు. అందుకే మొదటి రోప్‌వే క్యాబిన్లలోనే ఎక్కేశాం. బావగారు క్యాబిన్‌లో కొండవైపు ముఖం పెట్టి కూర్చుని, అక్క చెయ్యి పట్టుకుని, మధ్య స్టేషన్ దాకా కళ్ళు తెరవలేదు. పైన 2,246 మీటర్లు. దిగగానే చలిగాలి. కింద చొక్కా చాలు, పైన జాకెట్ కావాలి. ఇది మర్చిపోయి వణికేవాళ్ళని చాలామందిని చూశాం.

పైన 2009లో కట్టిన వేలాడే వంతెన ఉంది. పొడవు 140 మీటర్లు, కింద లోతు 28 మీటర్ల దాకా. సంఖ్యలు చదివితే పెద్దగా అనిపించదు. అడుగు పెట్టాక తెలుస్తుంది, కాలి కింద ఉన్నది పలక కాదు, ఇనుప జాలీ. బూటు కింద నుంచి రాళ్ళు, వాటి మధ్య గడ్డి కనిపిస్తూ ఉంటాయి. ఎదురుగా ఎవరైనా వస్తే భుజం తిప్పి దారివ్వాలి, వాళ్ళ అడుగు మన అరికాలికి అందుతుంది. నా స్నేహితుడు రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. అక్క కమ్మీ పట్టుకుని నెమ్మదిగా దాటింది, మధ్యలో ఆగి కళ్ళు మూసుకుని గాలి పీల్చింది. బావగారు నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చేశారు. ఎవరం ఏమీ అనలేదు. ఎత్తంటే భయం ఉన్న మనిషిని వంతెన దగ్గర బలవంతపెట్టకూడదు, ఆయన ఆ నాలుగడుగులు వేయడమే నాకు గౌరవంగా అనిపించింది.

గ్లోక్‌నర్‌బ్లిక్ అనే చూపుతిన్నె మీదికి మాత్రం ఆయన వచ్చారు. ఆకాశం తేటగా ఉంది కాబట్టి పడమట ఆస్ట్రియాలోకెల్లా ఎత్తైన గ్రోస్‌గ్లోక్‌నర్, 3,798 మీటర్లు, తెల్లగా కనిపించింది. ఆయన కమ్మీకి ఒక మీటరు వెనక నిలబడి చాలాసేపు చూశారు. తర్వాత అక్క, ఆయన పైన ఉన్న రాతి దారిలో ఒక చుట్టు తిరిగి, కాఫీ తాగి రోప్‌వేలోనే దిగారు. నేను, నా స్నేహితుడు పై నుంచి మధ్య స్టేషన్ దాకా నడిచాం. దాదాపు రెండు గంటలు. దిగుడు ఎక్కువ, రాళ్ళు జారతాయి, నడక కర్రలుంటే మంచిది. మోకాలి సమస్య ఉన్నవాళ్ళకి ఎక్కుడు కంటే దిగుడే ప్రమాదం, కాబట్టి డబ్బు మిగులుతుందని ఒకవైపు టికెట్ కొనకండి. రోప్‌వే చౌక కాదు, బస చేసిన చోట ఇచ్చే గాస్టైన్ కార్డ్ చూపించి తగ్గింపు ఉందేమో అడగండి. చివరి క్యాబిన్ ఎన్నింటికో టికెట్ కొనేటప్పుడే కనుక్కుని అలారం పెట్టుకోండి. ఆస్ట్రియా కొండల్లో రక్షణ దళం నంబర్ 140, అందరి ఫోన్లలోనూ వేయించాను. వాడాల్సిన అవసరం రాలేదు.

మేం మధ్య స్టేషన్ చేరేసరికి పడమట మబ్బు కమ్మింది. కిందికి దిగి, రోడ్డు దాటి, ఫెల్సెన్‌టెర్మెలోకి అడుగుపెట్టేసరికి మొదటి చినుకులు. అక్క, బావగారు అప్పటికే లోపలున్నారు.

ఇక్కడ కాస్త తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే ఈ ఊరికి పేరు తెచ్చింది ఈ నీళ్ళే. పదిహేడు పద్దెనిమిది ఊటల నుంచి రోజుకి సుమారు 50 లక్షల లీటర్ల వేడినీళ్ళు పైకి వస్తాయి. ఊట దగ్గర 46 డిగ్రీల దాకా ఉంటాయి. స్నానాల కొలనుల్లోకి చేరేసరికి చల్లబరిచి గోరువెచ్చగా చేస్తారు. గంధకం వాసన ఉంటుందని ముక్కు సిద్ధం చేసుకుని వెళ్ళాను, నాకైతే ఏ వాసనా రాలేదు. మామూలు మంచినీళ్ళలాగే ఉన్నాయి.

ఫెల్సెన్‌టెర్మె 1968లో కట్టారు, వాస్తుశిల్పి గెర్హార్డ్ గార్స్టెనావర్. ఫెల్సెన్ అంటే బండ. లోపలి కొలను పక్కన గోడ కట్టలేదు, కొండ బండనే గోడగా వదిలేశారు. నీళ్ళలో మెడ దాకా మునిగి ఆ బండకి వీపు ఆనించాను. చల్లగా ఉంది, గరుగ్గా ఉంది. ముందు వైపు వెచ్చదనం, వీపుకి రాయి చల్లదనం. పొద్దున్న ఆ కొండమీదే రెండు గంటలు దిగాను కదా, ఇప్పుడు దాని పాదం నా వెన్నుకి తగులుతోంది అనిపించింది. పిక్కల్లో పట్టేసిన నరం మెల్లగా వదులైంది. మడమ దగ్గర బూటు కొరికిన చోట మాత్రం మొదటి నిమిషం చురుక్కుమంది.

తర్వాత బయటి కొలనుకి వెళ్ళాం. వాన సన్నగా పడుతోంది. మెడ కింద అంతా వెచ్చన, తల మీద చల్లటి చినుకులు, నీటి మీద ఒక్కో చినుకూ చిన్న గిన్నెలా గుంట చేసి మాయమవుతోంది. మబ్బు మధ్య నుంచి పొద్దున్న మేమున్న కొండ ఒక్కోసారి కనిపిస్తోంది. అక్క గోడ పట్టుకుని ఆపరేషన్ అయిన కాలిని నీళ్ళలో ముందుకీ వెనక్కీ ఊపుతోంది, ఫిజియో నేర్పిన వ్యాయామం. "నేలమీద పది సార్లు చేస్తే నొప్పి వస్తుందే, ఇక్కడ యాభై అయింది" అంది. బావగారు వంతెన మీద వేసిన నాలుగడుగుల గురించి ఆయనే మొదలుపెట్టి చెప్పారు. నా స్నేహితుడు దారిలో చూసిన కొండ ఉడుత లాంటి మర్మోట్ గురించి చెప్పాడు. నలుగురం ఒకరి మాట మీద ఒకరం పడిపోతూ మాట్లాడుకున్నాం. నేను రెండేళ్ళుగా కోరుకున్న సాయంత్రం అదే.

ఉరుము దగ్గరగా వినపడగానే సిబ్బంది వచ్చి అందరినీ లోపలికి రమ్మన్నారు. ఎవరూ గొణగలేదు, రెండు నిమిషాల్లో కొలను ఖాళీ అయింది.

మన ఆడవాళ్ళు అడిగే ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే చెప్పేస్తాను. నేను మోకాళ్ళ దాకా, మోచేతుల దాకా ఉన్న స్విమ్‌సూట్ వేసుకున్నాను. ఈతకి కుట్టిన గుడ్డే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కాటన్ టీషర్ట్‌తోనో చుడీదార్‌తోనో దిగకండి. దిగేముందు సబ్బుతో స్నానం చేసి రావాలి. తువ్వాలు, రబ్బరు చెప్పులు మనవే తీసుకెళ్తే అద్దె మిగులుతుంది. సానా, అంటే చెమట పట్టించే వేడి గదుల విభాగం వేరు. అక్కడ బట్టలు లేకుండా తువ్వాలుతోనే కూర్చుంటారు, ఆడామగా కలిసే. అది వాళ్ళ ఆచారం, శుభ్రత కోసం పెట్టుకున్న పద్ధతి. మాకు అలవాటు లేదు కాబట్టి కొలనుల టికెట్ మాత్రమే కొన్నాం. కౌంటర్ దగ్గర టికెట్ ఏ విభాగానికో స్పష్టంగా అడిగి తీసుకుంటే లోపల టెన్షన్ ఉండదు.

ఈ నీళ్ళలో రేడాన్ వాయువు కొద్దిగా ఉంటుంది, ఊరి వైద్యానికి పేరు దాని వల్లే. ఇంకా పైన బోక్‌స్టైన్‌లో హైల్‌ష్టోలెన్ అనే సొరంగం ఉంది. 1940లలో బంగారం కోసం కొండ తవ్వుతుంటే లోపల వేడి, తేమ తగిలాయి. పనివాళ్ళ కీళ్ళ నొప్పులు తగ్గాయని గమనించి తర్వాత దాన్ని చికిత్సాలయం చేశారు. చిన్న రైలు మీద రెండు కిలోమీటర్లు లోపలికి తీసుకెళ్తారు, 37 నుంచి 41.5 డిగ్రీల వేడిలో పడుకోబెడతారు. డాక్టర్ పరీక్ష అయ్యాకే పంపుతారు. అక్క ఆశగా అడిగింది. నేను వద్దన్నాను. రేడాన్ అంటే రేడియోధార్మిక వాయువు, అది తన డాక్టర్‌తో మాట్లాడి, వారాలకి సరిపడా ప్లాన్‌తో చేసుకోవాల్సిన చికిత్స. వీకెండ్ సరదాల జాబితాలో దానికి చోటు లేదని నా గట్టి అభిప్రాయం.

తిండి విషయం త్వరగా చెప్పేస్తాను. సూపర్ మార్కెట్లు సెలవురోజుల్లో, ఆదివారాల్లో మూసేస్తారు, శనివారం సాయంత్రం ఆరుకే తాళం. మాకు శుక్రవారం కూడా సెలవే కాబట్టి బియ్యం, పెరుగు, కూరగాయలు మ్యూనిక్ నుంచే మోశాం, అక్క చేసిన పులిహోర కొండమీదికి వచ్చింది. బయట శాకాహారులకి కాస్‌నోకెన్ దొరుకుతుంది, మెత్తటి పిండి ముద్దలు, కరిగిన చీజ్, పైన వేయించిన ఉల్లిపాయ. ఒక పెనం ఇద్దరికి చాలు. కైజర్‌ష్మార్న్ అనే తీపి అట్టు ముక్కలు నడిచొచ్చాక తింటేనే అరుగుతాయి.

ఆదివారం పొద్దున్న ఇల్లు ఖాళీ చేసి, సామాను ఇంటావిడ దగ్గర పెట్టి, బస్సులో బోక్‌స్టైన్ వెళ్ళాం. అక్కడి నుంచి స్పోర్ట్‌గాస్టైన్ దాకా ఏటి పక్కనే ఎక్కే దారి ఉంది. 1,130 మీటర్ల దగ్గర మొదలై సుమారు 1,590 దగ్గర ముగుస్తుంది. దారి పొడుగునా కెస్సెల్‌ఫాల్, బేరెన్‌ఫాల్, ష్లైయర్‌ఫాల్ అని జలపాతాలు. ముందురోజు వానకి ఏరు నిండుగా ఉంది, వేర్లు తడిగా ఉన్నాయి, రెండుచోట్ల చేతులు కూడా వాడాల్సొచ్చింది. రెండు గంటల ఆ నడకలో ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా ఒక జలపాతం ఎదురుగా ఉండేది. మూడు రోజుల్లో నాకు అన్నిటికంటే నచ్చిన దారి ఇదే.

అక్క, బావగారు అదే బస్సులో కూర్చుని నేరుగా పైకి వెళ్ళిపోయారు. నడిచేవాళ్ళు చేరేది ఎక్కడికో, బస్సు దింపేదీ అక్కడికే. చివరి మలుపు తిరగగానే లోయ ఒక్కసారిగా విచ్చుకుంది. చుట్టూ మంచు మచ్చల కొండలు, మధ్యలో బల్లపరుపుగా పచ్చిక, ఆవులు, ఒక చెక్క ఇల్లు. దాని ముందు బల్ల దగ్గర అక్క నిలబడి చెయ్యి ఊపుతోంది. బల్ల మీద నాలుగు పెద్ద గ్లాసుల మజ్జిగ. చిక్కగా, చల్లగా, ఉప్పు లేకుండా. అక్క హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఉప్పు పొట్లం తీసింది. ఆ పచ్చికలో వాళ్ళిద్దరూ అప్పటికే గంటన్నర నడిచారట, అంతా చదునే కాబట్టి మోకాలు పలకలేదట. "మీరు జలపాతాలు చూశారు, మేం దూడలకి గడ్డి పెట్టాం" అన్నారు బావగారు. ఇలాంటి చోట్లకి నోట్లు పట్టుకెళ్ళండి, అన్ని చోట్లా కార్డు తీసుకోరు. తిరుగు బస్సు గంటకొకటి కూడా ఉండకపోవచ్చు, దిగగానే స్టాండులో టైమ్‌టేబుల్ ఫోటో తీసుకోండి.

తగ్గించిన అర మార్కు సంగతి. మెట్లు, బ్యాటరీ కాకుండా ఇంకోటి ఉంది. ఊరికి అవతలివైపు గ్రౌకోగెల్ కొండ మీద వందల ఏళ్ళనాటి జిర్బె పైన్ చెట్ల మధ్య మెత్తటి దారి ఉంది, ఇద్దరిద్దరు కూర్చునే పాత తరహా కుర్చీ లిఫ్ట్ మీద వెళ్ళాలి. అక్కకి అది చూపించాలని నాకు చాలా ఉండేది. మూడు రోజుల్లో ఇరికించలేకపోయాం. ఈసారి వెళ్తే శుక్రవారం సైకిళ్ళకి బదులు అదే పెడతాను, లిఫ్ట్ తిరిగే రోజులు ముందే చూసుకుని. ఇల్లు మాత్రం స్టేషన్ ఎత్తులోనే తీసుకుంటాను.

సాయంత్రం స్పోర్ట్‌గాస్టైన్ నుంచి తిరిగొచ్చి, లిఫ్ట్‌లో సామాను పైకి చేర్చుకుని, రైలుకి ఇంకా రెండున్నర గంటలుంటే మళ్ళీ ఫెల్సెన్‌టెర్మెకే వెళ్ళాం. ఇంకే స్టేషన్ ఎదురుగానైనా అంత టైమ్ ఉంటే బెంచీ మీద కూర్చుని ఫోన్ చూసేవాళ్ళం. అదే బండ, అదే మూల. అక్క ఈసారి వందదాకా లెక్కపెట్టింది. రోడ్డు దాటి ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చేసరికి రైలు వచ్చేసింది. మా నలుగురి జుట్టూ ఇంకా తడిగానే ఉంది.